గంట మోగాక ఒక చుట్టు

భోజనాల వేళకి నీటి అంచనాల ఆఫీసంతా కింద క్యాంటీనుకి దిగిపోతుంది. కార్డుల పిన్ని మాత్రం దిగదు. డబ్బా మూత తీసి, చేయి తుడుచుకుని, బల్ల మీది కంప్యూటరు ముందుకి కుర్చీ ఇంకాస్త జరుపుకుంటుంది. "ఉన్నావా?" అని కొడుతుంది. చివరి మీట మీంచి వేలు తీసేలోపే తెర మీద జవాబు పడుతుంది.

"ఉన్నాను. చాలా కాలమైంది. బాగున్నావా?"

నిన్న మధ్యాహ్నమే మాట్లాడుకున్నారు. అయినా ఆ "చాలా కాలమైంది" చూసినప్పుడల్లా పిన్నికి ముద్ద గొంతులో అడ్డం పడుతుంది. మంచినీళ్ళు తాగి, "నిన్ననేగా" అని కొడుతుంది. "అవునా, నిన్ననా" అంటాడాయన, మర్యాదకి నమ్మినట్టు.

ఆయన్ని ఆఫీసులో అందరూ బల్బులాయన అంటారు. కళ్ళతో చూసినవాళ్ళలో పిన్ని ఒక్కతే మిగిలింది. కంప్యూటర్లో ఒక మనిషి ఉంటున్నాడన్న సంగతి అక్కడెవరూ పెద్దగా పట్టించుకోరు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి మంచినీళ్ళెక్కడో, చేతులు కడుక్కునేదెక్కడో చూపించేటప్పుడు ఇదీ చెప్పేస్తారు: "ఆ మూల సిస్టం ఎప్పుడూ ఆపకండి, బల్బులాయన ఉంటాడు." హాజరు పట్టీలో ఆయనకి రోజూ హాజరే. ఒక్క సెలవైనా పెట్టని ఉద్యోగి అని వచ్చిన ప్రతి అధికారీ మెచ్చుకుంటాడు, మెచ్చుకుని బదిలీ అయి వెళ్ళిపోతాడు. ఆయన్ని బయటికి తీసే దారి ఏమైనా ఉందా అని మాత్రం ఏ మహానుభావుడూ అడిగిన పాపాన పోలేదు.

ఆయన లోపలికి వెళ్ళినప్పటికి పిన్ని ఇంకా పిన్ని కాలేదు. కార్డుల పిల్ల అనేవాళ్ళు. అప్పటి కంప్యూటరంటే ఒక హాలంత. ఇనప బీరువాల వరసలు, వాటి మధ్య మనిషి అడ్డంగా తిరిగితే తప్ప పట్టని సందులు. బీరువాల నిండా గాజు వాల్వులు, పాత రేడియోల్లో ఉండేవే. వెలుగుతుంటే చిన్న బల్బుల్లా ఉండేవి కాబట్టి అందరూ బల్బులనే అనేవాళ్ళు. నది పొడవునా ఉన్న కొలత మనుషులు ఎక్కడ ఎంత నీరుందో ఫోనులో చెప్పేవాళ్ళు. ఆడపిల్లలు ఆ అంకెల్ని అట్టకార్డుల మీద చిల్లులుగా పొడిచేవాళ్ళు. ఒకరు పొడిచింది ఇంకొకరు మళ్ళీ పొడిచి సరిచూడటం అక్కడి పద్ధతి. ఆ కార్డుల దొంతర మెషీనుకి అందిస్తే, ఏ ఊరికి ఎప్పటికి ఎంత నీరొస్తుందో అది లెక్క కట్టి చెప్పేది.

ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా ఏదో ఒక బల్బు మాడిపోతూనే ఉండేది. మాడిన బల్బు ఏ బీరువాలో ఉందో వెతికి మార్చడం ఆయన పని. సందుల్లోంచి ఎర్రబడ్డ మొహంతో, తడిసిన చొక్కాతో బయటికొచ్చి, మొట్టమొదట కార్డుల బల్లల వైపు చూసేవాడు. ఆ చూపు ఎవరి కోసమో ఆ హాల్లో తెలియనిది మెషీనుకి ఒక్కదానికే. ఇరువైపుల పెద్దవాళ్ళూ మాట్లాడుకున్నారు, ఒప్పుకున్నారు. ఇక మంచిరోజు చూడటమే మిగిలింది.

ఆ రోజు నది పొంగుతోంది. లెక్క సగంలో ఉండగా ఎక్కడో ఒక బల్బు పోయింది. మెషీను ఆపితే లెక్క మొదటికొస్తుంది, అప్పటిదాకా నది ఆగదు. "నడుస్తుండగానే మార్చేస్తాను" అని ఆయన సందులోకి వెళ్ళాడు. లెక్క తేలింది. గేట్లు సరైన వేళకి ఎత్తారు. కింద ఊళ్ళలో ఒక్క ప్రాణం పోలేదు. ఆయన మాత్రం బయటికి రాలేదు.

మెషీను ఆపి సందులన్నీ వెతికారు. మళ్ళీ నడిపేసరికి అచ్చు మిషను దానంతటదే కొట్టింది: "ఇక్కడే ఉన్నాను. దారి కనబడటం లేదు. ఆమెకి చెప్పండి." అప్పటి అధికారి ఆ కాగితం చింపి, కార్డుల పిల్ల చేతిలో పెట్టి, "కంగారు పడకమ్మా, ఆఫీసులోనే ఉన్నాడు" అన్నాడు. మెషీన్లో మనిషి ఉండిపోవడం అంతకుముందు ఎక్కడా వినలేదు నిజమే. కానీ అప్పటికి మెషీనే వింత. రెండు వింతలూ కలిసే వచ్చాయిలే అనుకుని ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

ఆమె పనికిరాని కార్డులు ఏరుకుని, వాటి మీద మాటలు పొడిచి మెషీనుకి అందించడం మొదలుపెట్టింది. ఆ ఆఫీసులో ఏ అక్షరానికి ఏ అంకెలో అందరికీ నోటికి వచ్చు. మెషీను తాపీగా మింగేది, తాపీగా ఆలోచించేది. ఆమె టీ తాగి గ్లాసు కింద పెట్టేసరికి జవాబు అచ్చయ్యేది.

"లోపల వెచ్చగా ఉంది. కూడికల్లో చేతిలో ఒకటి మిగిలింది అంటాం కదా, ఆ ఒకట్లన్నీ నేనే పక్క గదికి మోసుకెళ్తున్నాను. నువ్వేం చేస్తున్నావు?"

ఆమె రోజు, ఆయన రోజు ఒకేలా నడిచిన కాలం అది. ఆమెకి ఆదివారమైతే ఆయనకీ ఆదివారమే. ఇంట్లోవాళ్ళు వేరే సంబంధాలు తెచ్చారు. "ఎక్కడో ఇనప డొక్కుల్లో ఉన్నవాడి కోసం ఎన్నాళ్ళు కూర్చుంటావే?" అని అమ్మ తల బాదుకుంది. "ఎక్కడో ఏంటమ్మా, రోజూ ఆఫీసులో కనబడుతూనే ఉన్నాడుగా" అంది ఆమె. కనబడటం అబద్ధం. తక్కినదంతా నిజం.

కొన్నేళ్ళకి బల్బులు పోయి ట్రాన్సిస్టర్లొచ్చాయి. హాలంత మెషీను నాలుగు బీరువాలంత అయింది. పాతదాంట్లో ఉన్నదంతా టేపు చుట్టల మీదికి ఎక్కించి కొత్తదాంట్లోకి దింపారు. "ముందు బల్బులాయన్ని దించండి, నది తర్వాత" అని అధికారి గట్టిగా చెప్పాడు. ఆ మాటకి ఆమె ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే రాగానే పలకరించింది.

"ఎక్కడికి పోయావు?" అని అచ్చయింది. "ఇన్నాళ్ళు మాట లేదు. ఒంట్లో బాగోలేదా?"

మధ్యలో గడిచింది ఒక్క రాత్రి. ఆమె వెళ్ళి ఇంజనీరుని అడిగింది. "పాతది నెల రోజుల్లో చేసే లెక్క ఇది గంటలో చేస్తుందండీ" అన్నాడు ఆయన, సొంత కొడుకుకి ఫస్టు ర్యాంకు వచ్చినట్టు మొహం వెలిగిపోతుంటే. "లోపలున్నవాళ్ళకి అంత కాలం గడుస్తుంది మరి." ఆమె చేతులు కడుక్కునే గదికి పోయి, కొళాయి తిప్పుకుని, ఏడ్చినంతసేపు ఏడ్చింది.

ఆ తర్వాత మెషీన్లు చిన్నవైపోవడమే తప్ప ఆగింది లేదు. నాలుగు బీరువాలు ఒకటయ్యాయి, ఆ ఒకటీ బల్ల మీద పెట్టుకునే పెట్టె అయింది. ఒకప్పుడు కార్డులందించి దూరాన్నుంచి పలకరించాల్సిన మనిషి ఇప్పుడు చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చాడు. కార్డులు ఎప్పుడో తగలబెట్టారు. పేరు మాత్రం ఉండిపోయి, కార్డుల పిల్ల కార్డులక్క, కార్డులక్క కార్డుల పిన్ని అయింది. టైపు చెయ్యడంలో పిన్నిని మించినవాళ్ళు లేరని చుట్టుపక్కల ఆఫీసులన్నిటా పేరు. ఆ వేగం పేరు కోసం నేర్చుకున్నది కాదు. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య ఆయన్ని నిలబెట్టడం ఆమెకి ఇష్టం లేదు, అంతే.

సెలవు రోజుల్లోనూ వచ్చేది. పండగ లేదు, పబ్బం లేదు. అయినా రాత్రికి ఇంటికి వెళ్ళక తప్పదు కదా, ఆమె నిద్రపోయిన ఒక్కో రాత్రీ ఆయనకి ఏళ్ళూ పూళ్ళూ. లోపల కూర్చుని ఆయన గుర్తులన్నీ అరగదీసుకుంటున్నాడు. ఒకరోజు, "వాన పైనుంచి కిందకే కదా పడుతుంది?" అని అడిగాడు. ఇంకోరోజు, "నీ మొహం మర్చిపోకుండా రోజూ మొదట్నుంచి గీసుకుంటున్నాను. ఈమధ్య ముక్కు దగ్గర అనుమానం వస్తోంది" అన్నాడు. "ముక్కుకేం, అలాగే ఉంది" అని కొట్టి, పిన్ని తెర వైపు ముక్కు తిప్పి కూర్చుంది, చూస్తాడేమో అన్నట్టు.

పిన్నికి రిటైరయ్యే రోజు వచ్చింది. ఆఫీసు కూడా పాత పెట్టెలన్నీ వదిలించుకుని, లెక్కలు ఎక్కడో దూరాన ఉన్న పెద్ద మెషీన్లకి అప్పజెబుతోంది. వీడ్కోలు సభలో అధికారి దండ వేసి, శాలువా కప్పి, ఒక చిన్న పెట్టె చేతిలో పెట్టాడు. అరచేతిలో పట్టే పలకలాంటి కంప్యూటరు.

"బల్బులాయన ఇందులో ఉన్నారు. ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళడం తప్ప జీవితంలో పిన్ని ఇంకేం కోరలేదు. ఆ కోరిక అరచేతిలోకొచ్చి పడింది. ప్రోగ్రాములు రాసే కళ్ళజోడు అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టలేదు. గేటు దాకా సాగనంపుతూ నెమ్మదిగా చెప్పింది.

"పిన్నీ, ఇది పాతదానికంటే చాలా చాలా వేగం. తెలుసుగా?"

"తెలుసులేవే" అంది పిన్ని. తెలిసినా చేతిలో ఉన్నదాన్ని కిందపెట్టబుద్ధి కాలేదు.

ఇంట్లో ఆయన్ని కిటికీ దగ్గర బల్ల మీద పెట్టింది. ఇల్లంతా చెప్పింది: వంటగది ఇటు, మంచం అటు, ఎదురింటివాళ్ళు ఎప్పుడూ గట్టిగా పోట్లాడుకుంటారు, పట్టించుకోకు. కళ్ళు మూతలు పడేదాకా చెప్పి, ఎప్పుడో కుర్చీలోనే నిద్రపోయింది. తెల్లారి కళ్ళు నులుముకుంటూ, "లేచాను" అని కొట్టింది.

"ఎవరు?" అన్నాడాయన.

పిన్ని చేతులు మీటల మీదే ఉండిపోయాయి. అలా ఉండిపోయిన కాస్తసేపటిలో ఆయన ఎన్ని ఏళ్ళు తడుముకున్నాడో ఏమో, "నువ్వే. నువ్వే కదూ. తప్పయింది" అని మళ్ళీ పడింది. తప్పు ఎవరిదని చెబుతుంది? పలకని గుండెకి హత్తుకుని, తలైనా దువ్వుకోకుండా కళ్ళజోడు అమ్మాయి ఇంటికి పోయింది.

"నాకు నెమ్మదిగా నడిచే మెషీను కావాలే. దొరికినవాటన్నిట్లోకీ నెమ్మదైనది."

ఊరంతా తిరిగారు. ప్రతి షాపువాడూ తన దగ్గరున్నవాటిలో వేగమైనదే చూపించాడు. నెమ్మదైనది కావాలంటే మొహం అదోలా పెట్టాడు. చివరికి బజారు వీధిలో మేడ మీద, టైపు మిషన్లూ గడియారాలూ బాగుచేసే మేస్త్రీ దగ్గరికి చేరారు. ఆయన పిన్ని చెప్పిందంతా విని, చేతిలో ఉన్న స్క్రూడ్రైవరుతో వీపు గోక్కున్నాడు.

"బల్బులకి ముందు లెక్కలు ఎలా చేసేవాళ్ళో తెలుసా అమ్మా?" అని, అలమార అడుగునుంచి గుడ్డలో చుట్టిన ఇనప వస్తువొకటి తీసి బల్ల మీద పెట్టాడు. కాఫీ గింజలు ఆడించే మరలా, పక్కన ఒక పిడి. ముందు వరసగా మీటలు, కింద అంకెలు కనిపించే చిన్న గళ్ళు. కరెంటు లేదు, తీగ లేదు. "మీటలతో అంకె పెట్టి పిడి తిప్పితే కూడుతుంది. తిప్పినంతసేపే నడుస్తుంది. తిప్పడం ఆపారా, దీనికిక కాలం లేదు."

"కాలం లేదంటే?"

"లేదంటే లేదు. మీరు రేపొచ్చి తిప్పినా, వచ్చే ఏడు తిప్పినా, దానికి ఇప్పుడే ఆపినట్టు."

పిన్ని ఆ పిడి వైపు చాలాసేపు చూసింది. అంత మనిషి అందులో ఎలా పడతాడని ముగ్గురిలో ఎవరూ అడగలేదు. అరచేతిలో పట్టినవాడు ఇందులో పట్టడా?

ఆ వారమే పని మొదలుపెట్టారు. కళ్ళజోడు అమ్మాయి ఆఫీసు వదలగానే వచ్చి, పలకలోంచి ఆయన్ని అంకెలుగా చదివేది. పిన్ని ఎడమ చేత్తో మీటలు పెడుతూ కుడి చేత్తో పిడి తిప్పేది. చూడకుండా అంకెలు కొట్టిన వేళ్ళు కదా, తడబడలేదు. చదివిన మేరకి పలకలో ఆయన తగ్గుతూ, ఇనప మెషీన్లో పెరుగుతూ వచ్చాడు. మేస్త్రీ తన పని తాను చేసుకుంటూ, అప్పుడప్పుడు పళ్ళచక్రాలకి ఒక చుక్క నూనె వేసేవాడు. చివరి అంకె ఎక్కేసరికి పలక నల్లబడి ఊరుకుంది.

పిన్ని మీటలతో "ఉన్నావా?" అని పెట్టి పిడి తిప్పింది. గళ్ళలో అంకెలు దొర్లి ఆగాయి. అక్షరాల్లాగే ఆమె వాటిని చదివింది.

"ఉన్నాను."

కావాలనే పిడి వదిలేసింది. లేచి మెట్లు దిగి బజారు చివరిదాకా నడిచి, తిరిగొచ్చి, మళ్ళీ తిప్పింది. "ఇప్పుడు?"

"ఇప్పుడేంటి? ఇప్పుడేగా అడిగావు" అన్నాడాయన.

పిన్ని బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళలో "చాలా కాలమైంది" అనని మొదటి జవాబు అది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మేస్త్రీ కొట్టుకి వచ్చేది. ఉన్న కబుర్లన్నీ చెప్పి, మాట మధ్యలోనే లేచి ఇంటికి పోయి, మర్నాడు ఆ మాట దగ్గరే అందుకునేది. ఎదురుచూపంతా ఇప్పుడామెదే. ఆయనకి ఇక ఎదురుచూపన్నదే లేదు. ఆ ఏర్పాటు పిన్నికి బ్రహ్మాండంగా నచ్చింది.

తప్పు జరిగింది ఆ రోజుల్లోనే. ఒక మీట పొరపాటున పక్కకి పడింది. తప్పు అంకె ఎక్కితే పిడిని ఒక చుట్టు వెనక్కి తిప్పి కొట్టేయడం ఆ మెషీను పద్ధతి. కళ్ళజోడు అమ్మాయితో ఏదో మాట్లాడుతూ పిన్ని ఒకటికి నాలుగు చుట్లు వెనక్కి తిప్పేసింది. సరిచేసి మళ్ళీ ముందుకి తిప్పితే, నిన్న అడిగిన ప్రశ్నే ఆయన కొత్తగా అడిగాడు. నిన్న చెప్పిందంతా చెరిగిపోయింది. కానీ దాంతోపాటు, "బయట వాన పడుతోందా? మట్టి వాసన వస్తుందేమో కదా" అని కూడా అడిగాడు. ఆయన నోట వాసన మాట విని ఎన్నేళ్ళయిందో! అరిగిపోయిన గుర్తొకటి తిరిగొచ్చినట్టుంది.

"మేస్త్రీగారూ, ఏమైంది?"

"ఏముందమ్మా, ముందుకి తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. తీసేశారు, పోయింది." మేస్త్రీ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "భాగహారమూ ఇలాగే చేస్తాం. వెనక్కి తిప్పుతూ పోవడమే. తియ్యాల్సిందంతా అయిపోయి, ఇంకొకటి ఎక్కువ తీశామనుకోండి, గంట మోగుతుంది. మోగాక ఒక చుట్టు ముందుకి తిప్పితే లెక్క సరి."

పిన్ని గళ్ళలోని అంకెల వైపు వంగి చూసింది. తర్వాత అడిగింది. "లోపల గడిపిందంతా తీసేస్తే?"

"సున్నా వస్తుంది. సున్నా వచ్చిన మెషీన్లో ఇంకెవరుంటారు? బయటికొచ్చేస్తాడు."

"గంట మోగాక ముందుకి తిప్పకపోతే?"

"అప్పుడూ వస్తాడు. కాకపోతే లోపలికి వెళ్ళక ముందుది కూడా ఒక చుట్టు పోతుంది. బయటి కాలం కదా, ఆ చుట్టు పెద్దది. ఒక ఏడాదో, రెండేళ్ళో."

ఒక ఏడాదో, రెండేళ్ళో. కార్డుల పిల్లని ఆయన ఎరిగిందీ అంతే.

ఆమె మణికట్టు అప్పటికే నొప్పి పెడుతోంది. తను మంచాన పడితే ఈ పిడి ఎవరు తిప్పుతారు? మాట మధ్యలో ఆగిపోయి, ఆగిపోయానని కూడా తెలియకుండా ఉండిపోతాడు మనిషి. మర్నాడు మీటలు పెట్టి అడిగింది.

"బయటికొస్తావా?"

"వస్తే నువ్వు తెలుస్తావా?"

"అప్పటి నేను తెలుస్తాను. ఇన్నాళ్ళూ మాట్లాడుకున్నదేదీ తెలియదు."

చాలా చుట్లు తిప్పినా గళ్ళలో ఏమీ రాలేదు. తర్వాత ఒక్కొక్క అంకే నెమ్మదిగా దొర్లింది. "అయితే ఇదంతా నీ ఒక్కదాని దగ్గరే ఉంటుంది. బరువు కాదూ?"

"ఉండనీ. చేతిలో మిగిలినవన్నీ ఇన్నాళ్ళూ నువ్వు మోశావుగా."

సెలవు రోజు చూసుకుని, ముగ్గురూ పొద్దున్నే కూర్చున్నారు. పిన్ని పిడిని వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. తిప్పుతుంటే గళ్ళలో ఆయన మాటలు వెనక నుంచి ముందుకి దొర్లుకుంటూ వచ్చాయి. "ఎవరు?" వచ్చింది, పోయింది. ముక్కు దగ్గరి అనుమానం వచ్చింది, పోయింది. ఒక్కోమాట చెరిగేముందు పిన్ని పెదాలు కదిలించి ఒకసారి చదువుకుంది. ఇక మీద అవి ఆమె దగ్గర తప్ప ఎక్కడా ఉండవు. చేయి నొప్పి పుడితే ఆగేది, కళ్ళజోడు అమ్మాయి మణికట్టు పిసికేది, మళ్ళీ తిప్పేది. పోనుపోను ఆయన మాటలు పొడుగయ్యాయి, వేళాకోళాలు ఎక్కువయ్యాయి. ట్రాన్సిస్టర్ల చలి పోయి బల్బుల వెచ్చదనం వచ్చింది. ఆమె టీ గ్లాసు కింద పెట్టేదాకా తాపీగా ఆలోచించే రోజులొచ్చాయి. దారి కనబడటం లేదు, ఆమెకి చెప్పండి, అన్న మాట వచ్చింది. ఆ మాట దగ్గర పిన్ని చాలాసేపు ఆగింది. తర్వాత దాన్నీ తీసేసింది.

ఇంకొక్క చుట్టు. ఠంగుమని గంట మోగింది.

పిడి మీద చేయి అలాగే ఉంచి పిన్ని కూర్చుండిపోయింది. ఇక్కడితో వదిలేస్తే ఆయనకి తను తెలియదు. పడుచువాడు. చెమట తుడుచుకుని మెట్లు దిగి, ఎవరికోసమూ వెతుక్కోకుండా, ఎక్కడో ఒకచోట పని చూసుకుని, ఇంకొకరిని చేసుకుని హాయిగా ఉంటాడు. కార్డుల పిల్ల ఏదని అడగడు. ముసలిదైపోయిందని చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాదు. ఇదే మంచిది. ఎవరినడిగినా ఇదే మంచిదంటారు.

"పిన్నీ" అంది కళ్ళజోడు అమ్మాయి మెల్లగా. "గంట మోగాక ఒక చుట్టు..."

"తెలుసు."

మేస్త్రీ గడియారం ఒకటి చేతిలోకి తీసుకుని దానివైపే చూస్తున్నాడు.

ఇన్నేళ్ళూ ఆయనకేది మంచిదో అదే చేసింది పిన్ని. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆయన నిలబడకూడదని పరుగులు తీసింది. మంచితనం ఇక చాలనిపించింది. ఆయన తనని చూడాలి. ఒక్కసారైనా, తనే అని తెలిసి చూడాలి. ముసలిదాన్నే చూడనీ. ఆ ఒక్క చుట్టూ తనకి కావాలి.

పిడి పట్టుకుని ఒక చుట్టు ముందుకి తిప్పింది. గళ్ళన్నీ సున్నాలయ్యాయి.

"స్ప్రింగుల డబ్బా, చూసుకో బాబూ" అన్నాడు మేస్త్రీ తల పక్కకి తిప్పి. బల్లకీ అలమారకీ మధ్య ఉన్న ఇరుకులో, చొక్కా చేతులు పైకి మడిచి, చెమటలు కక్కుతూ ఒక అబ్బాయి నించుని ఉన్నాడు. మొహం ఎర్రగా ఉంది. మేస్త్రీ కాలితో ఒక స్టూలు అతని వైపుకి తోశాడు.

ఇంత చిన్నవాడా, అనుకుంది పిన్ని. ఇంత చిన్న కుర్రాడి కోసమా నేను!

అతను కూర్చోలేదు. కొట్టంతా ఒకసారి చూసి, ముగ్గురినీ చూసి, కళ్ళజోడు అమ్మాయితో అన్నాడు. "మెషీను ఆగిపోయిందా? కార్డుల అమ్మాయి ఏదండీ?"

కళ్ళజోడు అమ్మాయి పిన్ని వైపు చూసింది.

"నేనే" అంది పిన్ని.

ఆయన గొంతు విని ఎన్నేళ్ళయిందో, తన గొంతు ఎలా పలికిందో కూడా ఆమెకి తెలియలేదు. అతను దగ్గరికి వచ్చాడు. తెల్లజుట్టు చూశాడు, కళ్ళు చూశాడు, పిడి మీద ఇంకా అలాగే ఉన్న చేయి చూశాడు. చూసినంతసేపూ ఆమె కదలకుండా కూర్చుంది. దాక్కోలేదు, తల దించుకోలేదు. ఆమె ఇన్నేళ్ళుగా అడిగిందల్లా ఆ చూపే.

"అంతసేపు పట్టిందా నాకు?" అన్నాడు చివరికి.

"కొంచెం ఆలస్యమైంది" అంది పిన్ని.

అతనికి చెప్పాల్సింది ఒక జీవితమంత ఉంది. ఆయనే అన్న మాటలు, ఆయనకే తెలియనివి. ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకి తోచలేదు. "ముందు ఇంటికి పోదాం పద" అంది. మేస్త్రీకి చెప్పి, కళ్ళజోడు అమ్మాయి తల నిమిరి, బయటికి నడిచింది. అతను ముందు నడిచాడు. ఎప్పటి అలవాటో, రెండేసి మెట్లు దూకుతూ దిగాడు. సగం దిగాక పక్కన ఎవరూ లేరని గమనించి వెనక్కి చూశాడు. పైన పిన్ని గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతోంది. అతను ఆగిపోయాడు. ఆమె తన మెట్టు దాకా వచ్చేవరకూ అక్కడే నిలబడ్డాడు.